మలుపులో తెరుచుకునే తలుపు

"కారు కడగండి, చాలు. ఇంకేమీ ముట్టుకోవద్దు," అంది హెడ్మిస్ట్రెస్, తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుంటూ.

ఆవిడ భర్త వాతావరణ కేంద్రంలో పెద్ద ఉద్యోగి. చెప్పేదొకటి, జరిగేదొకటి కావడం ఆయనకు వృత్తిలో భాగం. కాబట్టి ఏమాత్రం తడుముకోకుండా "అలాగే" అనేసి, బకెట్టు పట్టుకుని వాకిట్లోకి నడిచారు.

ఆ రోజు ఆవిడ స్కూలు వార్షికోత్సవం. ముఖ్య అతిథిగా ఒక రిటైర్డు జడ్జిగారు వస్తున్నారు. ఆయన్ను మామూలు కారులో కాకుండా తన పుట్టింటి పాత కారులో తీసుకురావాలని హెడ్మిస్ట్రెస్ పట్టుబట్టింది. లేత ఆకుపచ్చ రంగు, గుండ్రటి దీపాలు, సోఫాల్లాంటి సీట్లు. అలాంటి కారులోంచి దిగితే దిగినవాళ్లకూ హుందాగా ఉంటుంది, స్కూలుకూ హుందాగా ఉంటుంది. స్టాఫ్ మీటింగులో ఈ మాట చెప్పినప్పుడు డ్రిల్లు మాస్టారు గొంతు సవరించుకుని, "అది కదులుతుందంటారా మేడమ్?" అని అడిగాడు. నలుగురైదుగురు తలలు దించుకుని నవ్వారు. "మావారు చూసుకుంటారు," అంది ఆవిడ. అన్నాక ఆ మాట తన చెవికే అంత గట్టిగా వినపడలేదు.

కారు ఆవిడ తండ్రిది. చూపు మందగించి ఇక నడపలేననుకున్న రోజున ఆయన ఇంటిల్లిపాదినీ పిలిచి, అందరి ముందూ తాళంచెవి తీసి అల్లుడి చేతిలో పెట్టారు. పక్కనే నిలబడ్డ కొడుకు అప్పటికే చెయ్యి సగం చాపాడు. ఆ చేతిని ఏం చేసుకోవాలో తెలియక మెడ గోక్కున్నాడు. చిన్నప్పుడు ఆ కారు బానెట్ మీదే పెరిగిన మనిషి. ఇప్పుడు ఊళ్లో పేరున్న పళ్ల డాక్టరు. ఆ రోజు నుంచి బావతో మాట మానేశాడు. తప్పు తనది కానప్పుడు తనెందుకు ముందు పలకరించాలని బావగారూ మానేశారు. అలా నాలుగేళ్లు గడిచాయి. అక్కను చూడాలనిపిస్తే డాక్టరు గేటు ముందు కారాపి హారన్ కొడతాడు. ఆవిడే బయటికి వెళ్లి మాట్లాడి వస్తుంది.

ఈ నాలుగేళ్లలో బావగారు ఆ కారుకు చేయని రిపేరు లేదు. ఆయన చేశాక మళ్లీ చేయించని రిపేరూ లేదు. ఒక్క విషయంలో మాత్రం ఆయన పూర్తిగా నెగ్గారు. తలుపులన్నిటికీ చుట్టూ రెండు వరుసల రబ్బరు అంటించారు. తలుపు వేశాక బయటి చప్పుడు లోపలికి రాదు, లోపలిది బయటికి పోదు. పక్కింటివాళ్లు పై అంతస్తు వేస్తూ పొద్దున్నించి టైల్స్ కోసే మెషీను తిప్పుతున్నారు. వీధంతా పళ్లు కొరుక్కుంటుంటే, ఆ కారులో కూర్చున్నవాళ్లకు మాత్రం ఎక్కడో తుమ్మెద తిరుగుతున్నట్టుంటుంది.

ముఖ్య అతిథి కోసం బావగారు ముందురోజే కొన్ని ఏర్పాట్లు చేశారు. డ్రైవరు తలుపు తెరిచే పిడి ఒక్కటి తప్ప, తలుపులకు లోపలివైపున్న పిడులు, అద్దాలు దించే పిడులు, లాక్ పైకి లాగే చిన్న గుండీలు అన్నీ విప్పి, పాలిష్ పెట్టి, వరండాలో పాత పేపరు మీద ఆరబెట్టారు. బ్యాటరీ తీసి లోపల చార్జింగుకు పెట్టారు. వీధి పిల్లలు ఎక్కి తొక్కకుండా మూడు తలుపులకు తాళం వేశారు. ఇక మిగిలింది డ్రైవరు తలుపు. దానికో జబ్బుంది. కారు ఎడమవైపు మలుపు తిరిగినప్పుడల్లా అది తనంతట తానే తెరుచుకుంటుంది. మలుపు వచ్చినప్పుడల్లా హెడ్మిస్ట్రెస్ చటుక్కున భర్త చొక్కా పట్టుకునేది. చూసినవాళ్లు ఈ వయసులో ఎంత అన్యోన్యమో అనుకునేవాళ్లు.

బకెట్టులో నీళ్లు పట్టాక బావగారి చూపు ఆ తలుపు మీద పడింది. స్కూలుకు వెళ్లే దారిలో ఎడమ మలుపులు ఎన్ని ఉన్నాయో ఒకసారి తలుచుకున్నారు. జడ్జిగారి ముందు భార్య తన చొక్కా పట్టుకుని వేలాడటం బాగుండదనిపించింది. బకెట్టు పక్కన పెట్టి స్క్రూడ్రైవరు తెచ్చారు. ఫోనులో ఒక రిపేరు వీడియో పెట్టి, దాన్ని బానెట్ మీద వైపరుకు ఆనించారు. అందులో ఒక కుర్రవాడు నవ్వుతూ ఇలాంటి తలుపే విప్పి, బిగించి, తెరిచి, మూసి చూపించాడు. బావగారు విప్పడం వరకూ సరిగ్గా చేశారు.

తలుపు లోపలున్న సన్నటి కమ్మీని ఒకరు ఎత్తి పట్టుకుంటే తప్ప రెండోవాళ్లు మర బిగించలేరని అప్పుడు తెలిసింది. సరిగ్గా ఆ సమయానికి గేటు దగ్గర హారన్ మోగింది.

డాక్టరు వచ్చింది జడ్జిగారికి ఇవ్వాల్సిన జ్ఞాపిక అప్పగించడానికి. అక్క చెబితే షాపు నుంచి తెచ్చాడు. రెండుసార్లు హారన్ కొట్టినా, మెషీను రొదలో లోపల జుట్టు ఆరబెట్టుకుంటున్న అక్కకు వినపడలేదు. క్లినిక్కులో దవడ వాచిన మనిషొకడు ఎదురుచూస్తున్నాడు. ఇక తప్పదని దిగి, బావగారి వైపు చూడకుండా వరండాలోకి వెళ్లి పెట్టె పెట్టేసి, బావగారి వైపు చూడకుండానే వెనక్కి తిరిగాడు.

"లోపల ఒక మనిషి కూర్చుని ఈ కమ్మీ పట్టుకుంటే రెండు నిమిషాల పని," అన్నారు బావగారు, ప్రహరీ మీద వాలిన కాకితో.

డాక్టరు ఆగాడు. "కొంతమంది పట్టకారుని గరిటె పట్టుకున్నట్టు పట్టుకుంటారు," అన్నాడు, అదే కాకితో.

"మాటలు చెప్పడం ఎవరైనా చెబుతారు."

"సందులో చెయ్యి పెట్టి పనిచేయడం అందరివల్లా కాదు. దానికి చదువుండాలి."

కాకి ఎగిరిపోయింది. ఇక మాట్లాడటానికి మూడో ప్రాణి లేకపోవడంతో డాక్టరు చొక్కా చేతులు మడిచి నేరుగా కారు దగ్గరికి వచ్చాడు. బావగారు మాట్లాడకుండా లోపలికి ఎక్కి ఆ పక్కకు జరిగి టార్చిలైటు పట్టుకున్నారు. డాక్టరు స్టీరింగు ముందు కూర్చుని తలుపు కంతలోకి రెండు వేళ్లు దూర్చాడు. అతని ముఖంలో నిజంగానే ఒక మెరుపు వచ్చింది. చీకటి సందులో, కంటికి కనపడకుండా, వేళ్లతో వెతికి పట్టుకోవడం అతనికి రోజూ చేసే పనే. కమ్మీ దొరికింది, మర దొరికింది, బిగిసింది.

"మూసి చూస్తేగానీ తెలీదు," అని స్టీరింగుతో చెప్పి, తలుపు లాగి వేశాడు.

టక్కుమంది. నాలుగేళ్లలో ఆ తలుపు అంత గట్టిగా ఎప్పుడూ పడలేదు. డాక్టరు గర్వంగా పిడి తిప్పాడు. పిడి ఒక చుట్టు తిరిగింది, రెండు చుట్లు తిరిగింది, మూడో చుట్టుకు ఊడి చేతిలోకి వచ్చింది. తలుపు లోపల ఏదో చిన్న వస్తువు జారి, అడుగున పడి, ఆగిపోయింది.

కాసేపు ఇద్దరూ ఆ పిడినే చూశారు.

"ఆ పక్క తలుపు తీయండి," అన్నాడు డాక్టరు.

"తాళం వేశాను."

"తాళంచెవి?"

"వరండాలో."

"గుండీ పైకి లాగండి."

"గుండీలు కూడా వరండాలోనే."

"అద్దం దించండి మరి."

"దాని పిడీ అక్కడే. పాలిష్ ఆరుతోంది."

"హారన్ కొడితే?"

"బ్యాటరీ తీశాను."

డాక్టరు ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. "ఫోను?"

బావగారు ముందద్దంలోంచి చూపించారు. బానెట్ మీద కుర్రవాడు ఇంకా నవ్వుతూ తలుపు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. "నీది?"

"నా కార్లో."

నాలుగేళ్ల తర్వాత వాళ్లిద్దరూ సూటిగా మాట్లాడుకున్న మొదటి సంభాషణ అది.

ఇద్దరూ కలిసి అరిచారు. అద్దం మీద అరచేతులతో బాదారు. రెండు వరుసల రబ్బరు తన పని తాను చేసింది. దాన్నీ దాటుకుని బయటికి పోయిందేదైనా ఉంటే టైల్స్ మెషీను మింగేసింది.

"ఈ అద్దం పగలగొడతాను," అన్నాడు డాక్టరు.

"ముట్టుకున్నావంటే ఊరుకోను. ఆ అద్దం ఇప్పుడెక్కడా దొరకదు."

"మనం దొరక్కుండా పోయేట్టున్నాం ఇక్కడ."

"అరగంటలో మీ అక్క బయటికి వస్తుంది. అందాకా ఆగలేవా?"

"నా పేషెంటు దవడ ఆగదండీ."

వాళ్లను ముందుగా చూసింది ఎదురింటావిడ. మొక్కలకు నీళ్లు పోస్తూ, కారులో బావా బావమరుదులు పక్కపక్కన కూర్చుని చేతులు తిప్పుతూ మాట్లాడుకోవడం చూసి, గొట్టం కింద పడేసింది. ఈ ఇంటి సంగతులు ఆవిడకు బాగా తెలుసు. గబగబా రోడ్డు దాటి పెరటి గుమ్మంలోంచి హెడ్మిస్ట్రెస్ దగ్గరికి వెళ్లింది.

"మీ తమ్ముడూ మీవారూ కార్లో కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారండీ."

"మీరు ఎవర్ని చూశారో ఏమో," అంది హెడ్మిస్ట్రెస్. అయినా వెళ్లి కిటికీ తెర కొద్దిగా తప్పించి చూసింది. చూసి, తెర పట్టుకునే అలాగే నిలబడిపోయింది.

అదే సమయానికి లోపల ఉక్క మొదలైంది. రబ్బరు అంటించిన జిగురు వాసన వేడికి పైకి లేచింది. డాక్టరు కళ్లు మండి నీళ్లు కారాయి. బావగారు చేతికందిన గుడ్డ తీసి ఇచ్చారు. అది ఇంజను తుడిచిన గుడ్డ కావడంతో నీళ్లు ఇంకా ఎక్కువయ్యాయి. బావగారు కంగారుపడి తన చొక్కా అంచుతో బావమరిది కళ్లు తుడిచారు.

కిటికీ దగ్గర హెడ్మిస్ట్రెస్ కళ్లు కూడా తడయ్యాయి. "వాణ్ణి చిన్నప్పుడు కూడా ఎవరూ అలా తుడవలేదండీ," అంది.

"వెళ్లి పలకరిద్దామా?"

"వద్దు వద్దు. మనల్ని చూస్తే మళ్లీ బిగుసుకుపోతారు. ఎవరూ అటు వెళ్లకూడదు. నాలుగేళ్లది ఉంటుంది, మాట్లాడుకోనివ్వండి."

లోపల బావగారి కాళ్లకింద పట్టా జరిగింది. దానికింద అరచేయంత కంత, కంతలోంచి నేల కనిపించింది.

"ఇదేంటి?"

"గాలి వస్తుందని వదిలేశాను."

"కారు అడుగున ఎవరైనా కిటికీ పెట్టుకుంటారా?"

"పెట్టుకోలేదు. తుప్పుపట్టి పడింది."

ఎలాగైతేనేం, అది బయటికి దారి. డాక్టరు నడుం వంచి, తల బావగారి పాదాల దగ్గరికి తెచ్చి, కంతకు నోరు ఆనించి "అక్కా" అని అరిచాడు. కారు కింద పడుకున్న పిల్లి లేచి వెళ్లిపోయింది. మెషీను రొదలో ఆ పిలుపు కారు దాటి పోలేదు. బావమరిది మరీ వంగిపోతున్నాడని బావగారు అతని భుజాలు పట్టి లేవనెత్తారు.

"కాళ్లు పట్టుకున్నాడు," అంది కిటికీ దగ్గర ఎదురింటావిడ, గొంతు తగ్గించి. "మీవారు లేవదీశారు కూడా. మంచి మనసు."

హెడ్మిస్ట్రెస్ గడియారం చూసుకుంది. జడ్జిగారి కోసం బయల్దేరాల్సిన సమయం. కారు వైపు చూసింది, మళ్లీ గడియారం వైపు చూసింది. స్టాఫ్ మీటింగు గుర్తొచ్చింది, దించుకున్న తలలు గుర్తొచ్చాయి. అప్పుడామె తన జీవితంలోకెల్లా పెద్ద త్యాగం చేసింది. ఫోను తీసి డ్రిల్లు మాస్టారికి చేసింది.

"మాస్టారూ, కారు రాదు. జడ్జిగారిని మీరే ఎలాగోలా తీసుకొచ్చేయండి."

"కదల్లేదా మేడమ్?" అన్నాడు అవతల్నించి డ్రిల్లు మాస్టారు, చాలా మర్యాదగా.

"అంతకన్నా ముఖ్యమైన పని పడింది," అని పెట్టేసి, వెంటనే తండ్రికి చేసింది. "నాన్నా, ఉన్నపళంగా రండి. మీరు కళ్లారా చూడాల్సింది ఒకటుంది."

కారులో అద్దాలకు ఆవిరి పట్టింది. డాక్టరుకు ఆలోచన తట్టింది. నోట్లో చిన్న అద్దం పెట్టి అందులో చూస్తూ పనిచేసే చెయ్యి కాబట్టి తిరగేసి రాయడం అతనికి కష్టం కాదు. బయటివాళ్లకు సరిగ్గా కనపడేలా, ఆవిరి మీద వేలితో 'తీయండి తలుపు' అని రాశాడు.

"తలుపు ముందు రాయాలి," అన్నారు బావగారు.

"మీరు వ్యాకరణం చూడకండి. ఎవరైనా వస్తున్నారేమో చూడండి."

ఎదురింటావిడ వస్తోంది. ఎవరూ వెళ్లకూడదన్న మాట ఆవిడకు వర్తించదు. టీ కప్పులు రెండు పట్టుకుని, ఇస్తే ఇద్దాం లేకపోతే చూసొద్దాం అన్నట్టు నడుస్తోంది. ఆవిడ చేరేసరికి అద్దం మీది ఆవిరి కరిగి అక్షరాలు జారడం మొదలుపెట్టాయి. మొదటి మాటలో చివరి సున్నా, 'డి' పూర్తిగా కారిపోయాయి. రెండో మాటలో ఒక కొమ్ము చెరిగింది. లోపల ఇద్దరూ ఒక్కసారిగా అద్దం మీద బాదుతూ చేతులు ఊపారు. ఆవిడ ఉలిక్కిపడి, పానకంలో పుడకలా వచ్చానని సిగ్గుపడి, టీ కప్పులతో సహా వెనక్కి వెళ్లిపోయింది.

"పొమ్మన్నారండీ," అంది హెడ్మిస్ట్రెస్‌తో. "అద్దం మీద కవిత్వం కూడా రాసుకుంటున్నారు. 'తీయ తలపు' అని ఉంది. తీయని తలపులట."

"చిన్నప్పుడు రాసేవాడు," అంది హెడ్మిస్ట్రెస్, తువ్వాలుతో ముక్కు తుడుచుకుంటూ.

మామగారి ఇల్లు పక్క వీధిలోనే. సభలో వెనక వరుసలో వేసే కుర్చీలు ఆయన నడుముకు పడవు. అందుకని మడత కుర్చీ ఒకటి చంకలో పెట్టుకుని, నడుచుకుంటూ వచ్చారు. కూతురు ఎదురెళ్లి ఆపి, చేత్తో చూపించింది. ఆయన మసక చూపుకు కారులో రెండు ఆకారాలు దగ్గరదగ్గరగా కదలడం మాత్రమే కనిపించింది. అది చాలింది. కారు వెనకవైపు నీడలోకి వచ్చి, కూతురి భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

సరిగ్గా అప్పుడే పక్కింటి పనివాళ్లు టీకి దిగారు. మెషీను ఆగిపోయింది. వీధి మొత్తం ఒక్కసారిగా నిశ్శబ్దమైంది.

"ఇప్పుడు," అన్నాడు డాక్టరు. ఇద్దరూ కంత వైపు వంగి, గుండెల నిండా గాలి పీల్చుకుని నోళ్లు తెరిచారు. అంతలో ఆ కంతలోంచే మామగారి గొంతు, పక్కనే కూర్చుని చెబుతున్నంత స్పష్టంగా పైకి వచ్చింది.

"ఇక నాకే దిగులూ లేదమ్మా."

"ఆ రోజు మీరు తమ్ముడికే ఇచ్చుంటే ఇదంతా ఉండేది కాదు నాన్నా. కారంటే పిచ్చి ఉన్నది వాడికే కదా."

"అందుకే ఇవ్వలేదు."

"అంటే?"

"నా వయసంతా పడ్డానమ్మా దాంతో. వాన పడితే కదిలేది కాదు. కదిలితే ఆగేది కాదు. పెళ్లికి బయల్దేరితే భోజనాలయ్యాక చేరేవాళ్లం. ఎన్నిసార్లు మీ అమ్మ నగలూ పట్టుచీరతో దిగి వెనకనుంచి తోసిందో నీకు తెలుసు. వాడు కన్నకొడుకమ్మా. చూస్తూ చూస్తూ దాన్ని వాడి మెడకెలా తగిలిస్తాను?"

బావగారు కంతకు ఇంకాస్త దగ్గరగా వంగారు.

"మరి మావారి మెడకి?"

"అల్లుడుగారికి ఓపిక ఎక్కువ."

"మరి నేను నాన్నా? కన్నకూతుర్ని కానా?"

"నీకెక్కడిచ్చానమ్మా? అల్లుడుగారికిచ్చాను."

అరవడానికి తెరిచిన బావగారి నోరు అలాగే ఉండిపోయింది. అలవాటుకొద్దీ అందులోకి చూసిన డాక్టరుకు కింది వరుసలో ఒక పుచ్చు పన్ను కూడా కనిపించింది. చెప్పే సమయం కాదని ఊరుకున్నాడు. ఇద్దరికీ అరవాల్సిన సంగతి గుర్తొచ్చేసరికి పనివాళ్లు టీ తాగేసి మెషీను తిప్పారు.

డాక్టరు మెల్లగా నిటారుగా కూర్చున్నాడు. నాలుగేళ్లుగా ఛాతీ మీద ఉన్న బండ ఎవరో తీసినట్టు అతని ముఖం విచ్చుకుంది. స్టీరింగు చక్రం మీద ఆప్యాయంగా చెయ్యి వేసి, వెంటనే తీసేశాడు.

"నాన్నకి నా మీద ఇంత..."

"మాట్లాడకు," అన్నారు బావగారు.

ఆయన కళ్లముందు నాలుగేళ్ల సెలవురోజులు తిరిగాయి. కారు కింద వెల్లకిలా పడుకున్న మధ్యాహ్నాలు, గోళ్లలో దిగి పోని నల్లటి జిడ్డు, వాన వస్తుందో రాదో ఆఫీసులో కాకుండా ఇంట్లో కనుక్కోవాల్సి వచ్చిన ఉదయాలు. అదంతా మామగారు తన మీద పెట్టుకున్న గౌరవమని ఇన్నాళ్లూ నమ్మారు. బావమరిది మాట్లాడకపోతే ఆ గౌరవానికి కట్టే పన్ను అనుకుని భరించారు. ఆయన కాళ్ల దగ్గర పెద్ద స్పానరు ఒకటి ఉంది. దాన్ని అందుకుని పక్క అద్దం మీదికి ఎత్తారు.

డాక్టరు రెండు చేతులతో ఆయన్ను గట్టిగా వాటేసుకుని ఆపాడు. "వద్దు బావా. ఆ అద్దం ఇప్పుడెక్కడా దొరకదు."

"వదులు నన్ను."

"నా మాట విను బావా."

కారు వెనక మామగారు జేబురుమాలు తీసి కళ్లద్దాలు తుడుచుకున్నారు. "కావలించుకున్నారా?" అని అడిగారు.

"కావలించుకున్నారు నాన్నా," అంది కూతురు. తండ్రి మాటలకు ఆవిడ మనసు కాస్త చివుక్కుమనే ఉంది. అయినా ఇది పోట్లాడే సమయం కాదు.

"ఇక ఆలస్యమెందుకు? అందరం కలిసి దీన్లోనే స్కూలుకి పోదాం. నా కుర్చీ వెనక పెట్టేస్తాను," అని ఆయన డిక్కీ మూత పైకెత్తారు. దాని తాళం ఆయన హయాంలోనే పోయింది.

కారులో వెనక సీటు అంచున సన్నటి వెలుగు గీత పడింది. బావా బావమరుదులు ఆ గీతను చూశారు, ఒకరినొకరు చూసుకున్నారు. మరుక్షణం ఇద్దరూ ముందు సీటు మీంచి వెనక్కి దొర్లి, ఆ సీటు వీపు దిండు మీద పడ్డారు. నాలుగేళ్లలో బావగారు విప్పని భాగం అదొక్కటే. అందుకేనేమో ఒక్క కుదుపుకు చక్కగా ఊడి వచ్చింది.

ముందు డాక్టరు తల బయటికి వచ్చింది, ముఖమంతా ఇంజను నూనెతో. మామగారు కుర్చీ పట్టుకుని ఒక అడుగు వెనక్కి వేసి, "చూసుకుని రారా. అక్కడ స్టెప్నీ ఉంటుంది," అన్నారు. స్టెప్నీకి మోకాలు తగిలింది బావగారికి.

"డిక్కీలోంచి వస్తున్నారేంటి?" అంది హెడ్మిస్ట్రెస్.

"తలుపు రాలేదు," అన్నారు బావగారు.

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

"మరి చేతులు ఊపారు?"

"కాపాడమని."

"వాడు మీ కాళ్లు పట్టుకున్నాడు?"

"అక్కడ కంత ఉంది."

హెడ్మిస్ట్రెస్ ఒక్కొక్క ప్రశ్నకూ ఒక్కొక్క రంగు మారింది. చివరికి ఎదురింటావిడ వైపు తిరిగింది. ఆవిడ అప్పటికే రోడ్డు దాటి మొక్కలకు నీళ్లు పోసుకుంటోంది. అంతలో ఫోను మోగింది.

"జడ్జిగారు వచ్చేశారు మేడమ్, నా స్కూటరు మీదే," అన్నాడు డ్రిల్లు మాస్టారు. "అంతా బాగానే ఉంది. హెల్మెట్టే ఊడి రావట్లేదు. సభ మొదలుపెట్టమంటారా, ఆగమంటారా?"

ఆవిడ జ్ఞాపిక పెట్టె చంకలో పెట్టుకుని, వెళ్లి తమ్ముడి కారులో కూర్చుంది. డాక్టరు జేబులోంచి తాళాలు తీస్తూ ఆ వెనకే కదిలాడు. క్లినిక్కు దారిలోనే స్కూలు.

మామగారికి మాత్రం ఇంకా సంగతి పూర్తిగా బోధపడలేదు. ఎలా జరిగితేనేం, ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు కదా అన్న సంతోషంలో ఉన్నారు. కొడుకును ఆపి, "ఒరే, నీ మనసులో ఇంకా ఏమన్నా ఉంటే ఈ కారు నువ్వే తీసుకో. అల్లుడుగారేమీ అనుకోరు," అన్నారు.

"అనుకోను," అన్నారు బావగారు, ఆయన నోటినుంచి ఎప్పుడూ రానంత వేగంగా. మోకాలి నొప్పి మరిచిపోయి వరండాలోకి పరుగెత్తి తాళంచెవి తెచ్చి ముందుకు చాపారు.

డాక్టరు దానివైపు ఎంతో ప్రేమగా చూశాడు. తర్వాత రెండడుగులు వెనక్కి వేశాడు.

"వద్దు నాన్నా, బావ దగ్గరే ఉండనీ. బావకి ఓపిక ఎక్కువ."

మామగారు కొడుకు ముఖం చూశారు, అల్లుడి ముఖం చూశారు, తర్వాత వంగి కారు అడుగుకేసి చూశారు. తెచ్చుకున్న కుర్చీ అక్కడే వేసుకుని, వాకిట్లో ఒంటరిగా కూర్చున్నారు. స్కూలుకు రమ్మని ఆయన్ను ఎవరూ పిలవలేదు.

ఆ తర్వాత డాక్టరు గేటు బయట హారన్ కొట్టడం మానేశాడు. ప్రతి ఆదివారం పొద్దున్నే క్లినిక్కు పనిముట్లు ఒక సంచిలో వేసుకుని నేరుగా వరండాలోకి వచ్చి కూర్చుంటాడు. "అలా కాదు బావా, ఇలా పట్టుకోవాలి," అంటాడు. కారు కిందికి మాత్రం దూరడు. బావగారి పుచ్చు పన్ను కూడా తనే బాగుచేశాడు. నోరు పూర్తిగా తెరిపించి, బదులు చెప్పే వీలు లేకుండా చేసి, ఆ పనంతా అయ్యేదాకా కార్బురేటరు గురించి వివరంగా చెప్పాడు. హెడ్మిస్ట్రెస్ వాళ్లిద్దర్నీ చూసి మురిసిపోతుంటుంది.

మాటల్లేని ఆ నాలుగేళ్లూ ఎంత హాయిగా గడిచాయో బావగారికి ఇప్పుడిప్పుడే తెలిసివస్తోంది.